అమ్మను మాకు దక్కించిన అందరికీ మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

అమ్మకు గుండెపోటు వచ్చిందని తెలిసి చాలామంది ఫోన్ చేశారు, గుంటూరులో ఉన్న బంధువులు పూటపూటా క్యారేజీలు పంపారు. ఆ టెన్షన్‌లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాం. అమ్మ ఇంటికొచ్చింది, తన పనులు తను చేసుకుంటోంది. ఆమె కోసం నిలబడ్డవాళ్ళ గురించి నలుగురికీ చెప్పాలనిపించి రాస్తున్నాను.

మొదటి దండం మా ఊరి ఏఎన్ఎం అక్కకి. ఆ సాయంత్రం అమ్మకు ఛాతీలో నొప్పే లేదు. దవడ కింద లాగుతోందని, ఒంట్లో సత్తువ లేదని అరుగు మీద కూలబడింది. చుట్టుపక్కలవాళ్ళు గ్యాస్ అయ్యుంటుందన్నారు. ప్రేమతోనే ఒకరు సోడా తెచ్చారు, ఒకరు వాము నలిపి ఇచ్చారు. అటుగా వెళ్తున్న అక్క ఆగి అమ్మ మెడ మీద చెయ్యి వేసింది. చల్లటి చెమట, జాకెట్టు తడిసి ముద్దయింది. "పిన్నికి షుగర్ ఉంది. షుగర్ ఉన్నోళ్ళకి గుండె నొప్పి తెలియకపోవచ్చు. ముందు 108కి చెయ్యండి" అంది. బండి వచ్చేదాకా అమ్మను లేవనివ్వలేదు, నడవనివ్వలేదు.

అక్క చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత డాక్టర్లు చెప్పారు. ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే నరాలు దెబ్బతిని నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు. ఆడవాళ్ళకు ఛాతీ నొప్పితో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, దవడ, వీపు, పై పొట్ట నొప్పి, ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం కనిపిస్తాయి. ఇవన్నీ మన ఇళ్ళలో ఆడవాళ్ళు రోజూ ఓర్చుకునే బాధలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అక్కకి వచ్చింది.

108 అబ్బాయికి రుణపడి ఉంటాం. దారిలోనే ఆస్పిరిన్ నమిలించి, ఆసుపత్రికి ముందుగా ఫోన్ చేసి చెప్పాడు. తెనాలి ప్రభుత్వాసుపత్రిలో స్ట్రెచర్ దిగుతూనే ఈసీజీ తీశారు. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని, గడ్డను కరిగించే ఇంజెక్షన్ వెంటనే ఇవ్వాలని డ్యూటీ డాక్టర్ గారు చెప్పారు. అంత హడావిడిలోనూ ఆయన నా ఎదురుగా నిలబడి ఒక్కొక్కటే అడిగారు: ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా, తలకు దెబ్బ తగిలిందా, ఈమధ్య ఆపరేషన్ ఏదైనా అయిందా, కడుపులో రక్తం పోయిందా? ఆ మందుతో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంటుందట, అందుకని. బయట కొనాలంటే వేలల్లో ఉండే ఆ ఇంజెక్షన్‌కి మా దగ్గర పైసా తీసుకోలేదు. నాళం మూసుకుని ఉన్నంతసేపూ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది, మొదటి గంటలో ఇచ్చిన మందుకు ఉన్న బలం తర్వాత ఇచ్చినదానికి ఉండదు. అమ్మ గుండె పంపింగ్ చాలావరకు నిలిచిందంటే కారణం అదే.

మర్నాడు గుంటూరు పెద్దాసుపత్రిలో యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేశారు. అక్కడి కార్డియాలజిస్ట్ గారికి ఎన్నిసార్లు నమస్కారం పెట్టినా తక్కువే. "ముందు రోజు బాగానే ఉందండీ, మిరపకాయలు కూడా ఎండబోసింది" అన్నాను. ఆయన ఓపీ చీటీ వెనక మూడు నాళాల బొమ్మ గీశారు. కొవ్వు పేరుకుని నాళం మెల్లమెల్లగా సన్నబడితే నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు నొప్పి వస్తుంది. కానీ చాలా గుండెపోట్లు వచ్చేది అలా కాదట. పెద్దగా అడ్డుపడని కొవ్వు పొర పైన పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి, నిమిషాల్లో దారి మొత్తం మూసేస్తుంది. అందుకే నిన్నటిదాకా పొలం పని చేసిన మనిషి ఇవాళ కుప్పకూలడం. ఆ పొరను పెంచేవి షుగర్, బీపీ, చెడు కొలెస్ట్రాల్, పొగాకు, నడుము చుట్టూ కొవ్వు. దక్షిణాసియా వాళ్ళకు మిగతావాళ్ళకన్నా చిన్న వయసులోనే ఈ జబ్బు వస్తోందని కూడా చెప్పారు.

ఇంకో మాట నాకు బాగా గుర్తుండిపోయింది. అమ్మ ల్యాబ్ రిపోర్టులో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 96, పక్కన నార్మల్ అని ఉంది. అది గుండెపోటు రానివాళ్ళ లెక్క అన్నారు. ఒకసారి వచ్చినవాళ్ళకు 70 కంటే కిందికి, వీలైతే 55 కంటే కిందికి తేవాలట. స్టెంట్ ఆ ఒక్కచోటే దారి తెరుస్తుంది, జబ్బు మిగతా నాళాల్లోనూ ఉంటుంది కాబట్టి మాత్రలు ఆపకూడదని మరీ మరీ చెప్పారు.

ఆ మాత్రల విషయంలో వార్డు సిస్టర్ గారిని తలుచుకోకుండా ఉండలేను. అమ్మకు చదువు రాదు. సిస్టర్ గారు స్కెచ్ పెన్ తీసుకుని ఒక్కో షీటు మీద పొద్దుటి మందుకు సూర్యుడు, రాత్రి మందుకు నెలవంక గీశారు. రెండుసార్లు అమ్మ చేతే తీయించి చూశారు. అమ్మ ఇప్పుడు మమ్మల్ని అడక్కుండా తనే వేసుకుంటోంది.

డిశ్చార్జి రోజు డాక్టర్ గారు, తల్లికి 65 లోపు వచ్చింది కాబట్టి పిల్లలు కూడా పరీక్షలు చేయించుకోవాలన్నారు. ఏ బాధా లేని మా అన్నయ్యకు బీపీ 150/96 వచ్చింది. మళ్ళీ చూసినా అంతే. మాత్ర మొదలైంది, సిగరెట్ మానేశాడు. డాక్టర్ గారూ, మేం వచ్చింది అమ్మ కోసం, మీరు అన్నయ్యను కూడా చూసి పంపారు. మీకు మా వదిన ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమంది.