ఆ ఆరంకెలు చదివిపెట్టిన అందరికీ కృతజ్ఞతలు

మా నరసాపురం జీపు ఇంజను బ్లాకు (సిలిండర్లుండే పోత ఇనుప దిమ్మ) మీద తుప్పుపట్టిన క్యాస్టింగ్ నంబరు, అంటే పోత అచ్చు నంబరు, చదివిపెట్టమని ఫోటోలు పెట్టి అడిగాం. అది తేలింది: 638632. రెండో ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్ కంపెనీ జీపు ఇంజను, ఎల్-134 రకం బ్లాకు. ఫోటోలు చూసి ఓపిగ్గా జవాబిచ్చిన ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా భీమవరం లేత్ మేస్త్రిగారికీ, పోల్చుకోవడానికి రాజమండ్రి నుంచి తమ బ్లాకు ఫోటోలు పంపిన పెద్దాయనకీ మా నమస్కారాలు. ఇదే చిక్కు రేపు ఇంకొకరికి రావచ్చు కాబట్టి మీరు చెప్పినవన్నీ ఇక్కడ రాసిపెడుతున్నాం.

తొలి ఫోటోలో ఐదో అంకె 8లా ఉంది. సముద్రపు గాలికి లేచిన తుప్పు 3 నోరు మూసేసింది. మేస్త్రిగారి మొదటి మాట: గ్రైండరు తేవద్దు. క్యాస్టింగ్ నంబరు అచ్చులోంచి ఉబ్బెత్తుగా వచ్చేది, ఒకసారి అరిగిపోతే మళ్లీ రాదు. ముందు వెదురు పుల్లతో గ్రీజు గీకాలి. డీజిల్లో ముంచిన గుడ్డ ఓ రాత్రంతా కప్పి ఉంచాలి. పొద్దున చేతి వైర్ బ్రష్‌తో మెల్లగా రుద్ది, పొడిగా తుడిచి, సుద్దముక్కని అడ్డంగా పట్టుకుని పైపైన రుద్దాలి. ఉబ్బిన చోటే తెల్లబడుతుంది. తర్వాత ఫ్లాష్ ఆపేసి, టార్చిని పక్కనుంచి వాలుగా పెట్టి, వెలుతురు దిక్కు మారుస్తూ నాలుగైదు ఫోటోలు తీయాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే నీడ పడదు, 3, 8 ఒకేలా కనిపిస్తాయి. ఇలా తీశాకే 3 నోరు తెరుచుకుంది.

ఇంజను నంబరు వేరు. అది సాపు చేసిన చోట పంచ్ కొట్టింది, బ్లాకు కుడివైపు ముందు పైమూలన ఉంటుంది. ఆర్సీలో ఉండేది అదే, దాని మీద ఆకురాయి కూడా పెట్టకూడదు. షెవ్రొలెట్ కంపెనీ క్యాస్టింగ్ పట్టికలో A జనవరి, L డిసెంబరు అని పోత పోసిన నెల చెప్పే అక్షరాలు ఉంటాయి. వాటిని తెచ్చి విల్లీస్ బ్లాకుకి అంటించొద్దని ఇద్దరు ముగ్గురు హెచ్చరించారు, మంచిపని చేశారు.

అన్నిటికన్నా మేలు చేసిన మాట రాజమండ్రి పెద్దాయనది: "నంబరు చూసి ఆయిల్ పంపు కొనకండి, టైమింగ్ కవరు విప్పి చూడండి." క్యాస్టింగ్ నంబరు ఏ అచ్చులో పోశారో చెబుతుంది, ఆ తర్వాత లోపల ఎవరు ఏం మార్చారో చెప్పదు. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) నుంచి క్యామ్‌ని (వాల్వులని కదిపే ఇరుసు, ఆయిల్ పంపునీ తిప్పేది) తిప్పడానికి యుద్ధకాలపు ఇంజన్లకి టైమింగ్ చైను ఉండేది, యుద్ధం అయ్యాక కొంతకాలానికి గేర్లు వచ్చాయి. చైనుతో క్యామ్, క్రాంకు ఒకే వైపు తిరుగుతాయి. గేర్లతో ఎదురెదురుగా తిరుగుతాయి. అందుకే ఒకదాని ఆయిల్ పంపు ఇంకోదానికి పనికిరాదు. పంపుకి అడ్వాన్సు కట్టబోయే ముందే ఈ మాట అందింది.

హెడ్డు (బ్లాకు మీద బిగించే పైభాగం) సంగతి తేలిక. స్పార్క్ ప్లగ్గులు పైనుంచి దిగి, హెడ్డు బల్లపరుపుగా ఉంటే ఎల్-134. మీద రాకర్ కవరు (వాల్వుల మీది మూత) ఉంటే ఎఫ్-134, అది విల్లీస్‌దే తర్వాతి రకం.

బోరు (సిలిండరు లోపలి వ్యాసం) కొలత కూడా మేస్త్రిగారే చూసిపెట్టారు. అసలుది 3.125 అంగుళాలు, అంటే 79.375 మి.మీ. పిస్టన్ నెత్తిన 0.030 అని ఉంటే బోరుని 0.030 అంగుళం పెంచి తొలిచినట్టు (రీబోరు). రింగులు కూడా ఆ సైజువే అడగాలి.

కవరు విప్పాం, లోపల చైనే ఉంది. పెద్దాయన అడిగిన స్ప్రాకెట్ ఫోటోలు పక్కనుంచి వెలుతురు పెట్టి తీశాం, ఈ రాత్రికే పంపుతున్నాం.