ఆటల్లో పళ్లకూ రక్షణ కావాలి

సంపాదకులకు,

హాకీ, బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు మంచి బూట్లు, ప్యాడ్లు కొనిపెడతాం. పళ్ల మీద తొడుక్కునే రక్షణ తొడుగు మౌత్‌గార్డ్ సంగతి మాత్రం పన్ను విరిగాకే గుర్తొస్తుంది. నాకిది చాలా బాధ కలిగిస్తోంది.

దెబ్బ తగిలినప్పుడు ఆ బలమంతా ముందరి ఒక్క పన్ను మీదే పడకుండా మౌత్‌గార్డ్ దాన్ని చుట్టూ పంచుతుంది. పెదవులు, నాలుక తెగకుండా అడ్డు నిలుస్తుంది. రెడీమేడ్‌వి చవకే గానీ నోటికి సరిగ్గా పట్టవు. జారిపోకుండా పళ్లు బిగించి పట్టుకోవాలి, ఊపిరి పీల్చడం కష్టం. విసుగొచ్చి పిల్లలు తీసి జేబులో పెట్టుకుంటారు. వేడినీళ్లలో మెత్తబరిచి, కొరికి అచ్చు వేసుకునేవి కొంత మెరుగు. అయితే మరీ గట్టిగా కొరికితే అక్కడ పలచబడి రక్షణ తగ్గుతుంది. దంతవైద్యులు పళ్ల అచ్చు తీసి చేయించేవే బాగా అమరుతాయి, మాట్లాడటానికీ ఇబ్బంది ఉండదు. ఖర్చు ఎక్కువే, కానీ పోయిన పన్నుకు చేయించే వైద్యంతో పోలిస్తే తక్కువే.

పళ్లకు క్లిప్పులున్న పిల్లలకు, పాలపళ్లు ఊడుతున్న పిల్లలకు డాక్టర్‌ని అడిగే కొనాలి. నిద్రలో పళ్లు కొరికేవారికిచ్చే నైట్‌గార్డ్ వేరు. అది అరుగుదలను ఆపడానికి, ఆటకు పనికిరాదు.

ఇంత జాగ్రత్త పడినా శాశ్వత పన్ను ఊడితే, వేరును ముట్టుకోకుండా పాలలో వేసి వెంటనే దంతవైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. ప్రతి నిమిషం విలువైనదే. ఈ ఒక్క విషయమైనా మీ క్రీడల పేజీలో తరచూ వేయమని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు