ఫోన్ ఎత్తని బుజ్జికి

విజయవాడ,
సత్యనారాయణపురం.

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ ఏడు కృష్ణలో నీళ్ళు బాగానే ఉన్నాయి. బ్యారేజీ గేట్లెత్తితే చూడ్డానికి జనం పోతున్నారు, నేనూ సాయంత్రం వాకింగ్ అటే మార్చుకున్నాను. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. బేబీ అత్త వాళ్ళు డాబా మీద ఇంకో గది వేస్తున్నారు. దసరాకి కొండ మీద ఏర్పాట్లు అప్పుడే మొదలయ్యాయి. నువ్వు వండుకుంటున్నావా, మళ్ళీ ఆ నూడుల్సేనా?

పెద్ద విశేషమేమీ లేదు, ఊరికే రాస్తున్నాను. మొన్న స్వప్న వచ్చింది. కాఫీ తాగి, అమ్మతో ఆ కబురూ ఈ కబురూ చెప్పి, వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ "పెదనాన్నా, బుజ్జక్క ఉద్యోగానికి పేపర్లు పెట్టేసిందట కదా" అంది. నాకు తెలిసినట్టే తలూపాను. నువ్వు దానికి పెట్టిన మెసేజి కూడా చూపించింది. "నేను అనే మనిషే లేనప్పుడు ఎవరి ఉద్యోగం, ఎవరి పెళ్ళి" అని. అమ్మకి చూపించవద్దన్నాను.

ఉద్యోగం సంగతి అలా ఉంచు. నువ్వు చదువుతున్న తత్వం పుస్తకాలు నాకూ ఇష్టమైనవే. రిటైరయ్యాక పుస్తకాల ఎగ్జిబిషన్లో నేను కొన్నవన్నీ అవే కదా, వాటిలో సగం నీ గదిలోనే ఉన్నాయి, దుమ్ము దులిపి పెడుతున్నాను. అందుకని ఇలాంటివి చదవొద్దని అనను. చివరి దాకా చదువు. సగంలో ఆపితేనే నాకు భయం.

హ్యూమ్ అనే స్కాట్లండ్ తత్వవేత్త పేరు నాకు నువ్వే చెప్పావు. లోపలికి చూసుకుంటే వేడో చలో, ప్రేమో ద్వేషమో తగులుతుంది గానీ, వాటిని అనుభవించే "నేను" విడిగా ఎక్కడా దొరకలేదని 1739లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. అక్కడి దాకా నువ్వు చెప్పింది నిజమే. అదే పుస్తకం మొదటి భాగం చివర్లో, ఆ ఆలోచనల్లో పడి తనకి చుట్టూ చీకటి కమ్మినట్టయిందని, స్నేహితులతో భోంచేసి, ఒక ఆట ఆడి, నాలుగు మాటలు మాట్లాడాకే మనసు కుదుటపడిందని కూడా రాశాడు. నువ్వు ఎవరితో భోంచేస్తున్నావమ్మా? ఆ గదిలో నీతో ఉండే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక ఇంకొకరు వచ్చారా?

శంకరులవారిదీ అంతే. జగత్తు మిథ్య అనే సంప్రదాయానికి ఆయన కంటే పెద్ద ఎవరు? ఆయనే బ్రహ్మసూత్ర భాష్యంలో విజ్ఞానవాదులనే బౌద్ధులతో వాదిస్తూ, మెలకువలో కనబడేది కలలాంటిది కాదన్నాడు. బయట వస్తువే లేదనేవాడు, భోంచేస్తూ, తృప్తి పడుతూ కూడా "నేను తినడం లేదు, నాకు తృప్తి కలగడం లేదు" అనేవాడి లాంటివాడని అన్నాడు. జ్ఞానం కలిగేదాకా లోకవ్యవహారమంతా సత్యమేనని కూడా చెప్పాడు. అంటే జీతం, అద్దె, అమ్మ బీపీ మాత్రలు, నువ్వు చెయ్యాల్సిన ఫోను, అన్నీ.

నువ్వు ఐదో తరగతిలో ఉన్నప్పుడు నాగార్జునకొండకి లాంచీలో తీసుకెళ్ళాను. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వాంతులు చేసుకున్నావు, మ్యూజియంలో అమ్మ ఒళ్ళోనే పడుకున్నావు, కాబట్టి ఏమీ చూసి ఉండవు. సాగర్ డ్యాము వస్తుందని 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వారు. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అది. బయటపడ్డ విహారాల్లో, చైత్యాల్లో ముఖ్యమైనవి కొండ మీదా, అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. మిగతా లోయ నీళ్ళ కిందే ఉంది. శూన్యవాదం చెప్పిన బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు అక్కడి శ్రీపర్వతం మీద ఉండేవాడని సంప్రదాయం. కాలవల ఆఫీసులో పని చేసినన్నాళ్ళూ ఆయన పేరు నాకు డ్యాము పేరే. చదవడం ఈమధ్యనే.

ఏదీ తనంతట తాను నిలబడదని, కారణాల మీదా, భాగాల మీదా ఆధారపడే ఉంటుందని, "నేను" కూడా అంతేనని ఆయన వాదన. దాన్నే శూన్యత అన్నాడు. నీ మెసేజిలో ఉన్నదీ అదే. కానీ ఆయన ముఖ్య గ్రంథం మూలమధ్యమకకారికల 24వ ప్రకరణంలో, వ్యవహారాన్ని ఆశ్రయించకుండా పరమార్థాన్ని బోధించడం కుదరదని కూడా ఆయనే అన్నాడు. ఆ వెనకే, శూన్యతని సరిగా చూడని మందబుద్ధిని అది నాశనం చేస్తుంది, పాముని తప్పుగా పట్టుకున్నట్టు అని హెచ్చరించాడు. నిన్ను మందబుద్ధి అనడం లేదు తల్లీ, నువ్వు మా అందరిలోకీ తెలివైనదానివి. ఆ శ్లోకం దగ్గర ఒక రోజు ఆగు, అంతే.

రత్నావళి అని ఆయన ఒక రాజుకి రాసినది ఉంది. దేనికీ స్వంత స్వభావం లేదన్న మనిషి రాజుకి ఏం చెప్పాడో చూడు. నీళ్ళు దొరకని దారుల్లో కుండలు పెట్టించమన్నాడు. సత్రాలు కట్టించమన్నాడు. చీమల పుట్టల దగ్గర ధాన్యం, చక్కెర, నీళ్ళు పెట్టించమన్నాడు. ఖైదీలను విడిచిపెట్టేలోగా వాళ్ళకి మంగలి, స్నానం, తిండి, మందు, బట్ట అందేలా చూడమన్నాడు. మంగలిని కూడా మర్చిపోలేదు బుజ్జీ! అది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరో ఖైదీకి గడ్డం పెరిగి దురద పెడుతుందన్న ధ్యాస ఆయనకి ఉంది.

శేషు మామయ్య సంగతి నీకు సగమే తెలుసు, మొత్తం చెబుతాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్ నగర్ మీదకి నీళ్ళొచ్చాయి. మామయ్య వాళ్ళది కింది వాటా, అద్దిల్లు. ఆయన అలవాటు తెలుసుగా, దీపం పెట్టగానే అరుగు మీద కూర్చుని "బ్రహ్మ సత్యం జగన్మిథ్య" అని మొదలుపెడతాడు, రాజ్యం అత్త లోపల్నుంచి "ముందు గ్యాస్ బుక్ చెయ్యండి" అంటుంది. ఆ రోజు మంచం కోళ్ళు మునిగేసరికి అత్తని పైవాటా వాళ్ళింటికి ఎక్కించాడు. బీరువా తెరుద్దామని మళ్ళీ కిందికి దిగాడు. అత్త గాజులు, ఆధార్ కార్డులు, సర్టిఫికెట్లు, పెళ్ళి ఆల్బం అన్నీ అందులోనే. తాళం చేతిలో పట్టుకున్నాక పక్కింటి ముసలమ్మ గుర్తొచ్చింది. ఆవిడ మంచం దిగలేదు. కోడలు పుట్టింటికి వెళ్ళింది, కొడుకు దుబాయ్‌లో. బీరువా వదిలేసి, పైవాటా కుర్రాణ్ణి కేకేసి, ఇద్దరూ కలిసి ఆవిణ్ణి నవారు మంచంతో సహా ఎత్తుకొచ్చారు. మెట్ల మలుపులో మంచం తిరగలేదు. దుప్పట్లో వేసి పైకి మోశారు. మళ్ళీ కిందికి వచ్చేసరికి ఇంట్లో గొంతు లోతు నీళ్ళు.

ఆ తర్వాతి రోజులు నువ్వు టీవీలో చూసినవే. డాబాల మీద జనం, పడవలు, డ్రోన్లు వదిలే పొట్లాలు. నీళ్ళు తీశాక నేను వెళ్ళాను. బీరువా అడుగున ఆల్బం ముద్దయిపోయి ఉంది. అత్త దాన్ని పారేయనివ్వలేదు, ఎండలో పెట్టింది.

కింది వాటా మునిగితే 25 వేలు, పై అంతస్తు వాళ్ళకి 10 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పేర్లు రాసుకోడానికి వచ్చినాయన కాగితాలు అడిగాడు. మామయ్య దగ్గర ఒక్కటీ లేదు, అద్దె అగ్రిమెంటు కూడా నీళ్ళపాలే. "మీరు ఈ ఇంట్లోనే ఉంటున్నారని, మీరు మీరేనని ఎలా తెలుస్తుందండీ" అన్నాడాయన. కసురుకోలేదు, పాపం ఆయన పని అది. మామయ్యకి నోట మాట రాలేదు. బురద కాళ్ళతో గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. పాలు పోసే అబ్బాయి సైకిలు దిగి వచ్చి, ఇంటిపేరుతో సహా పేరు చెప్పి, "పదేళ్ళ నుంచి ఇక్కడే సార్, రోజూ రెండు పాకెట్లు" అన్నాడు. ఇస్త్రీ బండి ఆవిడ చెప్పింది. పైవాటా కుర్రాడు చెప్పాడు. ముసలమ్మ లోపల్నుంచి "నన్ను మోసుకుపోయింది ఆయనే" అని అరిచింది. అప్పుడు రాసుకున్నాడు.

ఆ రాత్రి మామయ్య మనింట్లోనే పడుకున్నాడు. అన్నం దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు. లైటు తీశాక అన్నాడు: "పాల అబ్బాయికి నా ఇంటిపేరు కూడా తెలుసు బావా. నాకు వాడి పేరే తెలీదు." మర్నాడు తెల్లారకుండానే బస్సెక్కి సింగ్ నగర్ వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ అబ్బాయిని పేరు పెట్టే పిలుస్తాడు. సాయంత్రం శ్లోకాలు మానలేదు. అవి అయ్యాక పక్కింటికి వెళ్ళి ముసలమ్మకి మాత్రలు వేసి వస్తాడు.

లోపల ఎంత వెతికినా "నేను" దొరకదన్న మాటతో నాకు పేచీ లేదు బుజ్జీ. దొరకలేదు కాబట్టి నేను ఎవరికీ ఏమీ కాను అనుకుంటున్నావే, అక్కడే పేచీ. విడిగా నిలబడే నేను లేకపోతే, ఉన్న కాస్తా పదిమంది వల్ల ఉంది. మీ అమ్మ రాత్రుళ్ళు మేలుకోవడం వల్ల, రాజ్యం అత్త నేర్పిన పద్యాల వల్ల, స్వప్నతో పడ్డ పోట్లాటల వల్ల ఉంది. అది నిజంగా అర్థమైనవాళ్ళు మనుషులకి ఇంకా దగ్గరవ్వాలి కదా? ఫోను ఇంకా తొందరగా ఎత్తాలి కదా?

రమణ మహర్షి పేరు చెబుతావని తెలుసు. 1896లో పదహారేళ్ళ వయసులో ఇల్లు విడిచాడు, అదీ ఉత్తరం రాసిపెట్టి మరీ వెళ్ళాడు. తర్వాత ఆయన తల్లి అరుణాచలం కొండకి వచ్చి, చివరి ఏళ్ళు కొడుకు దగ్గరే ఉంది. 1922లో ఆవిడ పోయే రోజు ఆయన గంటల తరబడి పక్కనే కూర్చున్నాడు, ఒక చెయ్యి గుండె మీద, ఒక చెయ్యి తల మీద పెట్టి. "నేనెవరు" అని విచారించమన్న మనిషే. అమ్మ నీ దగ్గరికి వస్తానని సంచి తీసి తుడిచింది. మోకాలు బాగుపడనీ అని ఆపాను.

సలహాలు రాయొద్దని అమ్మ చెప్పింది, అయినా ఒకటి అడగాలి. నేను లేననిపించడం చదివితే వచ్చిందా, లేక చదవక ముందు నుంచీ ఉందా? నిద్ర లేకపోయినా, టెన్షన్ బాగా ఎక్కువైనా కొందరికి తమ ఒళ్ళు తమది కానట్టు, చుట్టూ ఉన్నదేదీ నిజం కానట్టు అనిపిస్తుంది. డాక్టర్ల దగ్గర దానికి పేరూ ఉంది, వైద్యమూ ఉంది. అదే అయితే పుస్తకాలు పక్కన పెట్టి ముందు డాక్టరుకి చూపించు, నేను తోడొస్తాను. సిగ్గుపడేది ఏమీ లేదు, ఇంట్లో ఎవరికీ చెప్పను.

ఉద్యోగం మానేసి ఉంటే మానేశావు. నేను అరవను, ఎందుకు మానేశావని కూడా ఇప్పుడే అడగను. పీఎఫ్ డబ్బు మాత్రం తొందరపడి తీయకు. ఆఫీసు వాళ్ళ ఇన్సూరెన్సు ఏ రోజుతో ఆగిపోతుందో కనుక్కో. ఇల్లు ఖాళీ చేసేటట్టయితే ఓనరుకి ఎన్నాళ్ళ ముందు చెప్పాలో అగ్రిమెంట్ చూడు, అడ్వాన్సు వదులుకోకు. దసరాకి నువ్వు రావడానికి కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ చూస్తున్నాను, కింది బెర్తు దొరికితే చేసేస్తాను. వద్దనుకుంటే తర్వాత క్యాన్సిల్ చేసుకోవచ్చు, చెయ్యకముందే వద్దనకు.

గోంగూర పచ్చడి, కందిపొడి పార్సిల్ చేశాను. పచ్చడిలో తడి గరిటె పెట్టకు. కందిపొడి ఫ్రిజ్‌లో పెట్టకు, గడ్డకడుతుంది. రాత్రిపూట కాఫీ మానేసి పెరుగన్నం తినమని అమ్మ పక్కనుంచి చెబుతోంది. ఆ ఇంట్లో పాలు ఎవరు పోస్తున్నారు?

ఆశీస్సులతో,
మీ నాన్న