చూద్దాంలే అన్నందుకు

చిన్నీ,

మొన్న ఆదివారం శాన్ ఆంటోనియో బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ నుంచి తిరిగొస్తూ వేకో దాటుతుంటే, హైవే పక్కన బేలర్ యూనివర్సిటీ వాళ్ళ కొత్త స్టేడియం చూసి అడిగావు, "నాన్నా, నేను కాలేజీలో ఆడగలనా?" అని. "చూద్దాంలే" అన్నాను. నువ్వు కిటికీ వైపు తిరిగావు. ఫ్రిస్కోలో ఇంటి ముందు కారు ఆగేదాకా మళ్ళీ మాట్లాడలేదు. బాకీ ఉన్నవాళ్ళు అప్పిచ్చినవాణ్ణి తిప్పి పంపడానికి వాడే మాట అది. నీకు చెప్పాల్సిన మాట కాదు.

నోటితో చెబితే సగంలో నువ్వు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటావు, నేను గొంతు పెంచుతాను. అందుకే రాస్తున్నాను. నాలుగో తరగతి దాకా గుంటూరులో చదివావు కదా, కూడబలుక్కునైనా చదువు. నా చేతిరాత అర్థం కాకపోతే అమ్మనడుగు.

డిగ్రీలో నేను వాలీబాల్ ఆడేవాణ్ణి, నీకు తెలుసు. యూనివర్సిటీ సెలక్షన్లకి వెళ్తే ఒకాయన నన్ను ఎగాదిగా చూసి "పొట్టి" అని పక్కకి తోసేశాడు. ఒక్క మాట. ఏం నేర్చుకుంటే పనికొస్తానో, ఎక్కడ ఆడితే సరిపోతానో చెప్పలేదు. పొట్టివాళ్ళకి దారి చూపించిన లిబరో స్థానం, అంటే వెనక వరసలో డిఫెన్స్ మాత్రమే ఆడే చోటు, 1998లో గానీ ఆటలోకి రాలేదు. అప్పటికి నేను చెన్నైలో ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఆ ఒక్కమాట తీర్పు నీకు రాకూడదని ఈ వేసవంతా నీ మ్యాచ్‌లకి నోటుబుక్కు పట్టుకొచ్చాను. నేను ఆఫీసు పని చేసుకుంటున్నానని నువ్వు అనుకున్నావు.

అసలు సంగతి నీ ఎత్తు దగ్గరే ఉంది. నువ్వు 5 అడుగుల 10 అంగుళాలు. మీ స్కూల్ టీములో నువ్వే పొడుగు. నరసరావుపేట నుంచి మామ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకా పెరుగుతోందా?" అని కంగారుపడుతుంది. కోచ్ కూడా అదే చూసి తొమ్మిదో క్లాసు నుంచి నిన్ను రింగు కింద నిలబెట్టాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకి ఆ వారం మ్యాచ్ గెలవాలి. కానీ కాలేజీ ఆటలో అన్నిటికన్నా పైమెట్టు అయిన డివిజన్ 1 కాలేజీల్లో ఆ చోట ఆడేవాళ్ళు చాలావరకు ఆరడుగుల రెండంగుళాలు, ఆ పైన. ఐయోవాకి ఆడిన కెయిట్లిన్ క్లార్క్ ఆరడుగుల మనిషి, ఆమె ఆడింది బయట నుంచి బంతి నడిపించే పాయింట్ గార్డ్. అంటే కాలేజీ లెక్కలో నీది గార్డ్ ఎత్తు, నీకు వచ్చింది రింగు కింద ఆడే సెంటర్ ఆట. నీ మీద నా నోటుబుక్కు మొత్తం ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

కాలేజీ కోచ్ నిన్ను చూసినప్పుడు ఎన్ని పాయింట్లు వేశావన్నది తర్వాత. మా టీములోకి వస్తే ఈ అమ్మాయి అవతలివాళ్ళలో ఎవర్ని గార్డ్ చేయగలదు, అంటే అడ్డుకోగలదు, అన్నది ఆయన ముందు వేసుకునే ప్రశ్న. జూన్‌లో ఒక మ్యాచ్‌లో 22 పాయింట్లు వేసి ఎగిరి గంతేశావు, గుర్తుందా? అందులో 16 నీ భుజం దాకా కూడా రాని పిల్లల మీదుగా వేసినవి. నేను చప్పట్లు కొట్టాను గానీ పుస్తకంలో ఏమీ రాయలేదు. హ్యూస్టన్ టీముతో ఆడిన రోజు, ఆ ఆరడుగుల మూడంగుళాల అమ్మాయి నిన్ను గార్డ్ చేసిన రోజు, నీకు వచ్చినవి 4 పాయింట్లే. హోటల్లో ఏడ్చావు. ఆ రోజు మాత్రం రెండు పేజీలు రాశాను. ఆమె వెనక నుంచి నెడుతున్నా కాళ్ళు కదలకుండా బాక్సౌట్ చేశావు, ఆమెని రింగు దగ్గరికి రానివ్వలేదు. ఇద్దరు మీదికొస్తే కంగారుపడకుండా అవతలి మూలలో ఖాళీగా ఉన్న పిల్లకి బంతి వేశావు. డిఫెన్స్‌లో "స్క్రీన్ ఎడమ!" అని, అంటే ఎడమ పక్క అవతలి మనిషి అడ్డు నిలబడిందని, మనవాళ్ళకి అరుస్తూనే ఉన్నావు, ఓడిపోతున్నప్పుడు కూడా. ఇవి నేర్పితే త్వరగా వచ్చేవి కావు.

లోట్లు కూడా రాశాను. ఎడమ చేత్తో రెండు డ్రిబుల్స్ దాటితే నీ కళ్ళు బంతి మీదికి పోతున్నాయి. చురుకైన గార్డ్ ఎదురైతే పక్కకి జరగాల్సిన చోట కాళ్ళు అడ్డం పడుతున్నాయి. త్రీ పాయింటర్ గురించి చెప్పనే అక్కర్లేదు, వేసవంతా కలిపి తొమ్మిది వేశావు, రెండు పడ్డాయి. ఆ షాట్ వేసే గీత మీ హైస్కూల్లో రింగు నుంచి 19 అడుగుల 9 అంగుళాలు. కాలేజీ అమ్మాయిలకి అది 2021 సీజన్ నుంచి 22 అడుగుల పైన. కోర్టు 84 అడుగులది 94 అవుతుంది, 30 సెకన్లలోపు షాట్ వేయాలనే షాట్ క్లాక్ ఉంటుంది. నెమ్మదిగా ఆలోచించుకునే నీ అలవాటుకి అక్కడ టైమ్ దొరకదు.

కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం హైస్కూల్లో ఆడే అమ్మాయిలు సుమారు 4 లక్షలు. ఎన్‌సీఏఏ కాలేజీల్లో ఆడేది సుమారు 16,500 మంది. డివిజన్ 1 దాకా చేరేది నూటికి ఒకరు, కాస్త పైన. పైగా 2024 నుంచి చదువు బాగుంటే ఎన్నిసార్లు కాలేజీ మారినా ఏడాది బెంచీ మీద కూర్చోనక్కర్లేదు. దాంతో కోచ్‌లు హైస్కూల్ పిల్ల బదులు రెండేళ్ళు కాలేజీలో ఆడి ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి, అంటే కాలేజీ మారాలనుకునేవాళ్ళ జాబితాలోకి, వచ్చిన ఇరవై ఏళ్ళ అమ్మాయిని తీసుకుంటున్నారు. కొప్పెల్ హైస్కూల్ నుంచి రయన్ అగర్వాల్ అనే మన ఇండియన్ అబ్బాయి బాస్కెట్‌బాల్ ఆడటానికి 2022లో స్టాన్‌ఫర్డ్‌కి వెళ్ళాడని మన అంకుల్స్ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ అబ్బాయి ఆరున్నర అడుగులవాడని మాత్రం ఎవరూ చెప్పరు.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు. ఇప్పటి ఆటతో డివిజన్ 1 రాదు. బయటి నుంచి షాట్, ఎడమ చెయ్యి కుదిరితే డివిజన్ 2 కోచ్‌లు చూస్తారు. డివిజన్ 3లో మాత్రం ఇవాళే నిన్ను తీసుకోగల కాలేజీలు ఉన్నాయని నా నమ్మకం. మూతి ముడవకు. న్యూయార్క్ యూనివర్సిటీ అమ్మాయిలు 2024లోనూ 2025లోనూ ఒక్క మ్యాచ్ ఓడకుండా డివిజన్ 3 ఛాంపియన్లయ్యారు. వాళ్ళ వీడియోలు చూశాను, నువ్వూ చూడు, ఆ వేగం చూస్తే నీకే భయం వేస్తుంది. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, మార్కులకీ ఇంటి ఆదాయానికీ చూసి ఇస్తారు. హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు డివిజన్ 1 అయినా ఆటకి ఇవ్వవు, ఇంటి ఆదాయం చూసే ఇస్తాయి. మార్కుల విషయంలో నీ గురించి నాకు టెన్షన్ లేదు.

రెండు విషయాల్లో నేను పొరపాటు చేశాను. ఏప్రిల్‌లో ఒక రిక్రూటింగ్ సర్వీస్ వాళ్ళు స్టార్లు, ర్యాంకులు అంటూ చెప్పింది నమ్మి అమ్మకి తెలియకుండా 1,800 డాలర్లు కట్టాను. వాళ్ళు చేసిన పని నీ పేరుతో వందల కాలేజీలకి ఒకే మెయిల్ పంపడం. ఆ తర్వాత నీకొచ్చిన క్యాంప్ ఉత్తరాలు చాలావరకు ఫీజు కట్టి రమ్మనేవే. ఆఫర్ అంటే కోచ్ నీ పేరు, నీ నంబరు, నీ ఫలానా మ్యాచ్ గురించి మాట్లాడాలి. ఇకమీదట మనకి సరిపోయే ఓ ఇరవై కాలేజీలు ఎంచుకుని మెయిల్స్ నువ్వే రాయి. మూడు నిమిషాల హైలైట్స్‌తో పాటు హ్యూస్టన్ మ్యాచ్ మొత్తం పెట్టు, 4 పాయింట్లే అని దాచకు.

రెండోది, మే నెలలో రిఫరీతో నేను గొడవపడ్డప్పుడు నాకు రెండు వరసల కింద ఒక కాలేజీ టీషర్టు ఆవిడ కూర్చుంది. నా వైపు తిరిగి చూసి, తన కాగితం మీద ఏదో రాసుకుంది. అది నీ గురించో నా గురించో ఇప్పటికీ తెలియదు. ఇక స్టాండ్స్‌లో నోరెత్తను.

ఆడాలని ఉందా, ఇంత దూరం అవసరమా అన్నది నువ్వు తేల్చుకో. వద్దనుకున్నా నోటుబుక్కు ఇస్తాను, దాచుకో. కావాలంటే శనివారం పొద్దున ఏడింటికి రెక్ సెంటర్ ఖాళీగా ఉంటుంది. ఆ 22 అడుగుల దగ్గర టేపు అంటించి నువ్వు వేస్తూ ఉండు, బంతులు నేను అందిస్తాను. గార్డ్ చేయమని మాత్రం అడక్కు, నేను పొట్టివాణ్ణి.

నాన్న