ధర్నాలు దండగ అనే ముందు ఈ లెక్క కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

ధర్నాలు చేసి ఎవరు బాగుపడ్డారు, ఉన్నవాడు ఇంకా పైకి పోతూనే ఉన్నాడు, లేనివాడు రోడ్డు మీద కూర్చుంటూనే ఉన్నాడు, మధ్యలో ట్రాఫిక్‌లో చచ్చేది మనం అని ఈమధ్య మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు రాశారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో దాన్ని ఫొటో తీసి పెడితే కింద అందరూ చప్పట్లే చప్పట్లు. విజయవాడలో అలంకార్ సెంటర్ మీదుగా రోజూ పనికి వెళ్ళేదాన్ని, ఆ విసుగు నాకూ తెలుసు. కానీ జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను. అక్కడి ధర్నా చౌక్‌లో కూర్చున్నవాళ్ళలో మా తోడికోడలు కూడా ఉంది.

తను పల్లెటూళ్ళో అంగన్‌వాడీ టీచర్. అప్పటికి నెలకి 11,500 రూపాయలు గౌరవ వేతనం, సెంటర్లో ఆయాకి 7 వేలు. పిల్లల ఎత్తూ బరువూ కొలిచి ఫోన్‌లో ఎక్కించాలి, గర్భిణులకి గుడ్లూ పాలూ లెక్కపెట్టి ఇవ్వాలి, సర్వర్ మొరాయిస్తే సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి మీద కూర పెట్టి మరీ ఆ ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. బిల్లు పాసయ్యేదాకా గ్యాస్ బండ డబ్బులు తన చేతివే. ప్రభుత్వానికి ఇంత పని చేస్తున్నా ఆమె ప్రభుత్వ ఉద్యోగి కాదట, కార్యకర్తట. 2023 డిసెంబర్ 12న రాష్ట్రమంతా సమ్మెలోకి దిగినప్పుడు ఒక సంచీలో రెండు చీరలు, దుప్పటి, బీపీ మాత్రలు, అటుకుల డబ్బా పెట్టుకుని బయల్దేరింది. నాలుగు రోజుల్లో వచ్చేస్తాలే అక్కా అంది. ఆ సమ్మె 42 రోజులు నడిచింది.

ఆ 42 రోజుల్లో ఏం జరిగిందో మనలో చాలామందికి గుర్తు లేదు. సెంటర్ల తాళాలు పగలగొట్టించి గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందితో నడిపించాలని చూశారు. జనవరి 6న అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు, పసిపిల్లలకి అన్నం పెట్టడం అత్యవసర సేవేనని అప్పుడు గుర్తొచ్చింది, జీతం దగ్గర మాత్రం గుర్తు రాలేదు. ఆడవాళ్ళు ఖాళీ పళ్ళాలు గరిటెలతో మోగించారు, రిలే దీక్షలు చేశారు, సంతకాలు సేకరించారు. చివరికి జనవరి 22న తొలగింపు ఉత్తర్వుల దాకా వెళ్ళిన ప్రభుత్వమే అదే రాత్రి మంత్రులను కూర్చోబెట్టి మాట్లాడింది. కేసులు ఎత్తేస్తామన్నారు, సమ్మె కాలానికి జీతం ఇస్తామన్నారు, రిటైరయ్యే వయసు 62కి పెంచడానికి ఒప్పుకున్నారు, జీతం జులైలో పెంచుతామన్నారు. జులై వచ్చేసరికి ప్రభుత్వమే మారిపోయింది. 2025 మార్చిలో మళ్ళీ విజయవాడ రావాల్సి వచ్చింది.

చూశారా, అందుకే దండగ అంటున్నాం అనొచ్చు. నెలకి అడిగిన 26 వేల జీతం రాలేదు, నిజమే. కానీ ధర్నా చేయకపోతే ఏం వచ్చేదో కూడా చూడాలి కదా. అంగన్‌వాడీలకి గ్రాట్యుటీ, అంటే పని మానేసేటప్పుడు సర్వీసు లెక్కన ఇచ్చే డబ్బు, పొందే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే, గుజరాత్ నుంచి వచ్చిన కేసులో తీర్పు ఇచ్చింది. దేశంలో అంతకంటే పెద్ద కోర్టు లేదు. అయినా ఏడాదిన్నర తర్వాత మన ఆడవాళ్ళు గ్రాట్యుటీ ఇవ్వండి అని అట్టముక్క మీద రాసుకుని ఎండలో కూర్చోవాల్సి వచ్చింది. తీర్పు వచ్చినా అడిగేవాళ్ళు రోడ్డెక్కితే తప్ప అది ఫైలు దాటదు. ఓటు ఉంది కదా అంటారు, ఉంది, అయిదేళ్ళకి ఒకసారి, అందులో అంగన్‌వాడీ జీతం అనే గుర్తు మీద నొక్కే వీలు లేదు. లక్ష మందికి పైగా ఆడవాళ్ళు ఒకేసారి పని ఆపితేనే ఒక మంత్రి రాత్రిపూట బల్లకి అవతల కూర్చున్నాడు. ఒక్కొక్కరుగా వెళ్తే సూపర్‌వైజర్ కూడా తలెత్తి చూడదు.

ఇంకో సంగతి, దీని ఫలితం వెంటనే కనపడదు. 2000లో విద్యుత్ సంస్కరణల పేరుతో కరెంటు చార్జీలు పెంచినప్పుడు హైదరాబాద్‌లో ఆగస్టు 28న చలో అసెంబ్లీ జరిగింది. బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. ఆ సాయంత్రం ఎవరైనా ఏం సాధించారని అడిగి ఉంటే ఏం చెప్తాం, మూడు ఇళ్ళల్లో ఏడుపులు తప్ప. కానీ ఆ తర్వాత కరెంటు బిల్లు అనేది అధికారులూ ప్రపంచ బ్యాంకూ తేల్చుకునే విషయంగా మిగల్లేదు, ఊరి రచ్చబండ మీదకి వచ్చేసింది. 2004 మే 14న బషీర్‌బాగ్‌కి కూతవేటు దూరంలోని ఎల్బీ స్టేడియంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి పెట్టిన తొలి సంతకం రైతులకి ఉచిత విద్యుత్తు ఫైలు మీదే. మధ్యలో కరువులున్నాయి, రైతుల ఆత్మహత్యలున్నాయి, ఆయన పాదయాత్ర ఉంది, ఒక్క ధర్నాతో వచ్చిందని నేను అనను. అయితే అప్పట్నుంచి ఇప్పటిదాకా పార్టీలు మారాయి, రాష్ట్రం రెండయింది, రెండు రాష్ట్రాల్లోనూ ఆ ఉచిత విద్యుత్తు తీసేసే ధైర్యం ఎవరికీ రాలేదు. పొలంలో మోటారు వేసే ప్రతి రైతూ ఆ ముగ్గురికి ఎంతో కొంత రుణపడి ఉన్నాడని నేను నమ్ముతాను.

ఇక ధనవంతుడు ఇంకా ధనవంతుడు అవుతున్నాడన్న మాటకి వద్దాం, ఇక్కడ ఆ పాఠకుడితో నేను ఏకీభవిస్తాను. అసమానతల మీద పరిశోధన చేసే వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ వాళ్ళు 2024లో వేసిన లెక్క ప్రకారం 2022-23లో మన దేశంలో పైనున్న 1 శాతం మంది చేతిలో మొత్తం ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం ఉంది. ఇన్ని ధర్నాలు జరిగినా ఇలా ఎందుకుందంటే, మన ధర్నాలన్నీ కింద ఉన్నవాడి జీతం, రేటు, పింఛను, ఇంటి స్థలం చుట్టూనే జరుగుతున్నాయి. పైన జరిగే నిర్ణయాల జోలికి మనం పోవడం లేదు. 2015 బడ్జెట్‌లో సంపద పన్ను ఎత్తేశారు, బదులుగా కోటి దాటిన ఆదాయం ఉన్నవాళ్ళ పన్ను మీద అదనంగా 2 శాతం సర్‌చార్జీ వేసి సరిపెట్టారు. వారసత్వంగా వచ్చే ఆస్తి మీద ఉన్న పన్ను 1985లోనే పోయింది. 2019 సెప్టెంబర్ 20న మినహాయింపులు వదులుకున్న కంపెనీలకి పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు, దానివల్ల ఏడాదికి లక్షా 45 వేల కోట్ల ఆదాయం పోతుందని ప్రభుత్వమే చెప్పింది. ఆ వారంలో మా ఊళ్ళో ఒక్క టెంటు వేసినట్టు నాకు గుర్తు లేదు. అంగన్‌వాడీకి పెంచడానికి ఖజానాలో డబ్బు లేదన్నప్పుడు మాత్రం అందరం అయ్యో పాపం అని తలూపాం.

ఆ పైనున్నవాళ్ళకి రోడ్డెక్కే అవసరం ఎందుకొస్తుంది చెప్పండి. బడ్జెట్‌కి ముందు పరిశ్రమల సంఘాలని ఆర్థిక మంత్రే పిలిచి కూర్చోబెట్టి మీకేం కావాలని అడుగుతారు. ఢిల్లీలో కార్మిక సంఘాలనీ పిలుస్తారు, కాదనను, కానీ ఎవరి మాట బడ్జెట్‌లోకి ఎంత ఎక్కిందో తర్వాత చూస్తే తెలిసిపోతుంది. ట్రాఫిక్ ఆగలేదు కాబట్టి లక్షా 45 వేల కోట్ల సంగతి మనకి ఇబ్బందిగా అనిపించలేదు, అరగంట బస్సు ఆలస్యమైతే మాత్రం కోపమొచ్చింది.

పైనున్నవాళ్ళ మీదే నేరుగా గురిపెట్టిన ఉద్యమం కూడా ఒకటుంది. 2011 సెప్టెంబర్ 17న న్యూయార్క్ జుకోటీ పార్కులో మేం 99 శాతం అంటూ కూర్చున్నారు, రెండు నెలలకి పోలీసులు ఖాళీ చేయించారు, ఇది కావాలి అని ఒక కోరిక కూడా చెప్పలేకపోయారని అందరూ నవ్వారు. మరుసటి ఏడాది అదే ఊళ్ళో బర్గర్ షాపుల్లో పనిచేసేవాళ్ళు గంటకి 15 డాలర్లు అనే ఒక్క అంకె పట్టుకుని రోడ్డెక్కారు, 2016లో న్యూయార్క్ రాష్ట్రం దాన్ని చట్టం చేసింది. మొదటివాళ్ళు కూర్చోకపోతే రెండోవాళ్ళ మాట అంత తొందరగా చెవికెక్కేది కాదని నా అభిప్రాయం.

డబ్బులిచ్చి, బిర్యానీ పొట్లాలు పంచి లారీల్లో జనాన్ని తోలుకొచ్చే ధర్నాలున్నాయి, వాటిని నేను సమర్థించను. అంబులెన్స్‌కి దారి ఇవ్వనివాళ్ళనీ సమర్థించను. కానీ ఆ వంక పెట్టి అసలు ధర్నాలే వద్దనే నాయకులు ప్రతిపక్షంలోకి రాగానే ఎక్కడ కూర్చుంటున్నారో చూడండి. హైదరాబాద్ ఇందిరాపార్క్ దగ్గర ధర్నా చౌక్‌ని 2017లో కేసీఆర్ ప్రభుత్వం మూసేస్తే జనం కోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. 2018 నవంబర్‌లో హైకోర్టు మళ్ళీ తెరిపించింది. ఆ తర్వాత 2021 నవంబర్ 18న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గారే మంత్రులతో సహా వచ్చి, కేంద్రం వడ్లు కొనాలని అదే ఇందిరాపార్క్ దగ్గర మహాధర్నా చేశారు. అధికారంలో ఉన్న ముఖ్యమంత్రికే తన మాట పై ప్రభుత్వానికి వినపడాలంటే అక్కడ కూర్చోక తప్పలేదంటే, 7 వేల జీతం ఆయాకి వేరే దారి ఏముంటుందో ఆ పాఠకుడే చెప్పాలి.

మీ పత్రికకి కూడా ఒక మాట. అంగన్‌వాడీల సమ్మె రోజుల్లో నేను మీ జిల్లా పేజీలు వరసగా చూశాను, ఫొటో వేసి కింద స్తంభించిన ట్రాఫిక్ అని రాసిన రోజులు ఉన్నాయి, వాళ్ళు ఏం అడుగుతున్నారో పూర్తిగా వేసిన రోజు నాకు కనపడలేదు. ఇకముందు ఏ ధర్నా అయినా వాళ్ళ కోరికల పత్రం కనీసం ఒక్కసారి మొత్తం వేయండి. చర్చలు ముగిశాక ప్రభుత్వం ఒప్పుకున్న అంశాలనీ, గడువు తేదీలనీ ఒక పెట్టె కట్టి ప్రచురించండి. ఆ గడువు దాటిన మర్నాడు ఏది అమలైంది, ఏది కాలేదు అని సంబంధిత మంత్రిని అడిగి, ఆయన చెప్పిన సమాధానాన్ని మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ