మన సైకిల్ క్లబ్ వార్షిక నివేదిక: పడటాలు, మోసుకురావడాలు, మిగతా కబుర్లు

సభ్యులందరికీ నమస్కారం. ప్రతి ఏడాదీ ఈ రిపోర్టులో ఏ రైడ్లు చేశాం, టీషర్టులు ఎవరికి అందలేదు, ఏ ఊర్లో టిఫిన్ బాగుంది, ఇవే ఉంటాయి. ఈసారి అవి చివర్లో రెండు ముక్కల్లో కానిచ్చేస్తాను, ఎందుకంటే కమిటీ టైమంతా, డబ్బులో కూడా ఎక్కువ భాగం, ట్రయిల్ మీద, అంటే మనం తిరిగే మట్టిబాటల్లో, పడ్డోళ్ళని రోడ్డు దాకా ఎట్లా తేవాలి అనేదాని మీదే పోయింది.

ఆసుపత్రికి చేరాక మనకి పెద్ద దిగులు లేదు. రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు మూడూ అలిపిరి రోడ్డు వైపే దగ్గర దగ్గరగా ఉన్న ఊరు మన తిరుపతి, ఎముకలకైతే బర్డ్‌కి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. తంటా అంతా పడ్డ చోటు నుంచి తారు రోడ్డు దాకా ఉండే ఆ కాస్త దూరంలోనే. అంబులెన్స్ తారు దాటి రాదు, రాలేదు కూడా, వంకలు కోసేసిన బాటలో దాని చక్రం దిగబడితే అదింకో రెస్క్యూ.

వానల తర్వాత చంద్రగిరి మండలం రంగంపేటలో జరిగిన సంగతి అందరికీ తెలుసుగానీ తలా ఒక రకంగా చెప్తా ఉన్నారు కాబట్టి రికార్డు కోసం రాస్తున్నా. మనకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, ఆ మూడు నెలల్లో మామిడి తోటల వెనకాల దారి ప్రతిసారీ ఒక కొత్త దారి అయిపోతుంది, నిన్నటిదాకా నున్నగా ఉన్న చోట ఈరోజు మోకాలి లోతు గండి ఉంటుంది. కొత్తగా చేరిన తమ్ముడొకడు ఫ్రెండ్ సైకిల్ తెచ్చుకున్నాడు, మన దగ్గర చాలా సైకిళ్ళకి ముందు బ్రేక్ కుడి చేతికి ఉంటుంది, ఆ సైకిల్‌కి ఎడం చేతికి ఉంది. గండి కనపడగానే వెనక బ్రేక్ అనుకుని ఎడం చెయ్యి గట్టిగా పట్టేశాడు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేక్ మరి, కాస్త నొక్కినా గట్టిగా పడుతుంది, ముందు చక్రం అక్కడే ఆగింది, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి అవతల గరుసులో పడ్డాడు. కాలర్ బోన్ విరిగింది, పైగా చీలమండ మెలిపడి కాలు కింద పెట్టలేని పరిస్థితి.

అక్కడ సిగ్నల్ లేదు. ఒకడు పరిగెత్తి చెరువు కట్ట ఎక్కితే 108 కలిసింది. అవతల అమ్మాయి మండలం, ఊరు, దగ్గర్లో ఏముంది అని వరసగా అడుగుతా ఉంటే మనోడు కంగారులో "ఎస్ బెండ్ దాటాక రాక్ గార్డెన్ మేడమ్" అంటాడు. అవి మనం పెట్టుకున్న పేర్లు, చంద్రగిరి మండలంలో ఇంకెవరికీ తెలీవు. ఆమె ఓపిగ్గా "సార్, గుడి గానీ బడి గానీ ఏదైనా చెప్పండి" అంటే మనోడి దగ్గర జవాబు లేదు.

అంతలో నీళ్ళు కట్టడానికి వచ్చిన ఒక పెద్దాయన అరుపులు విని వచ్చినాడు. "యాడ పడినాడు? మా బోరు కాడ మలుపేగదా, ఆ చెయ్యి ఆడించొద్దు నాయనా" అని తన తలగుడ్డ విప్పి చెయ్యిని ఎదకి ఆనించి కట్టేశాడు, ఫస్ట్ ఎయిడ్ క్లాసులో నేర్పించే కట్టుకి దానికీ పెద్ద తేడా లేదు. తర్వాత మోటార్ షెడ్డులోంచి నులక మంచం తెప్పించి, దాన్ని తిరగేసి కోళ్ళు పైకి ఉండేట్టు పెట్టించాడు, అట్లా అయితే నులక మధ్యలో మనిషి దిగి కూర్చున్నట్టు ఉంటాడు, కోళ్ళు పట్టుకుంటే పక్కకి జారడు. నలుగురు మోస్తా ఉంటే ఇంకో నలుగురు పక్కనే నడవాలి, ఆయన "మార్చండి" అన్నప్పుడల్లా మంచం కింద పెట్టకుండానే భుజాలు మారాలి. దించకుండా మార్చడం చూడ్డానికి తేలిక, చేస్తే తెలుస్తుంది. రోడ్డు మీద అంబులెన్స్‌కి చెయ్యి ఊపడానికి ఆయన కొడుకుని ముందే మోపెడ్ మీద పంపించేశాడు. ఈ ఆలోచన మన వాళ్ళలో ఒక్కరికి కూడా రాలేదు.

ఆయనకి జనరల్ బాడీ తరఫున పంచె, శాలువా ఇచ్చాం. ఆయన అడిగింది మాత్రం వేరే, తోట గేటు తీసిపెట్టి పోవద్దని, గొడ్లు లోపలికొస్తున్నాయని. దయచేసి గేట్లు మూయండి.

దీని తర్వాత కమిటీ చేసిన పనులు చెప్తా. మనం రెగ్యులర్‌గా తిరిగే దారులన్నిటికీ ఒక పటం గీయించాం, అందులో రాక్ గార్డెన్లు ఏమీ ఉండవు, ఊరి పేరు, గుడి, చెరువు కట్ట, ఎవరి తోట, ట్రాన్స్‌ఫార్మర్, అంబులెన్స్ వచ్చి ఆగగలిగే చోటు, ఇవే. లామినేట్ చేసిన కాపీ ప్రతి రైడ్ లీడర్ బ్యాగులో ఉంటుంది. రైతుల ఫోన్ నంబర్లు వాళ్ళని అడిగే తీసుకున్నాం, అవి లీడర్ల దగ్గరే ఉంటాయి, ఎవరూ గ్రూపులో పెట్టొద్దు. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, లొకేషన్ అంకెలు రాసుకుని కట్ట ఎక్కేవాళ్ళకి ఇచ్చి పంపొచ్చు. ఇంకోటి, మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ టవర్ అందుతుంటే 112కి కాల్ వెళ్తుంది, ట్రై చేయకుండా వదిలేయొద్దు. నలుగురికి తక్కువైతే ట్రయిల్ రైడ్ లేదు, ఒకరు పడితే ఒకరు పక్కన ఉండాలి, ఇద్దరు రోడ్డుకి పోవాలి, ఒంటరిగా ఎవర్నీ పంపకూడదు. మడతపెట్టే స్ట్రెచర్ ఒకటి కొని అదే మోటార్ షెడ్డులో ఉంచాం. మోసే ప్రాక్టీసు కూడా పెట్టాం, అందరికంటే బరువైన మనిషి కావాలంటే కోశాధికారి గారు తనంతట తానే పడుకున్నారు, సగం దూరం పోకముందే మోసేవాళ్ళ ఫిట్‌నెస్ ఏంటో బయటపడింది.

ఇక దెబ్బల విషయం. ఎక్కువగా చేతులకే తగుల్తున్నాయి, పడేటప్పుడు ఎవరైనా చెయ్యే ఆనిస్తారు కదా. అందులో డాక్టర్ సభ్యులు పదేపదే చెప్పేది బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర ఉండే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక గురించి. అది విరిగినా మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, దానికి రక్తం సరిగ్గా అందదు కాబట్టి వదిలేస్తే అతకకపోవచ్చు. బొటనవేలి వెనక గుంటలో నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే బానే ఉందన్నా కట్టు వేయించుకుని 10 నుంచి 14 రోజుల్లో మళ్ళీ తీయించుకోవాలి. బెణికిందిలే అని నూనె రాసి పిండించుకునే వాళ్ళు మనలో ఉన్నారు, ఎవరో వాళ్ళకే తెలుసు.

రెండోది హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకోవడం. పైకి చిన్న మచ్చలాగే ఉంటుంది, లోపల ప్లీహం, కాలేయం చీలి ఉండొచ్చు, కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. పొట్టలో నొప్పి పెరిగినా, భుజం లాగుతున్నట్టున్నా, కళ్ళు తిరిగినా నేరుగా పెద్దాసుపత్రికే. ఆపరేషన్ పడొచ్చు అనిపించే వాళ్ళకి దయచేసి సోడా, కాఫీ పట్టొద్దు, మన వాళ్ళ ప్రేమ అక్కడే మొదలవుతుంది. హ్యాండిల్ చివర ప్లగ్గులు లేని సైకిల్‌ని ఈ ఏడాది నుంచి స్టార్టింగ్ లోనే ఆపేస్తాం, ప్లగ్గు లేని పైపు చర్మాన్ని బిళ్ళలా కోసేస్తుంది.

మూడోది తల. పడ్డ సభ్యుడొకరు లేచి బట్టలు దులుపుకుని నాకేం కాలేదన్నాడు, తర్వాత బాటిల్ ఏదని అడిగాడు, చేతిలో పెట్టాం, కాసేపాగి మళ్ళీ బాటిల్ ఏదన్నాడు, ఇంకోసారి కూడా. మనిషి తెలివిగానే మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు, అందుకే చుట్టూ ఉన్నోళ్ళు కూడా జోక్ అనుకున్నారు. అది కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదరడం. అట్లాంటప్పుడు ఆ రోజుకి సైకిల్ ఎక్కడం లేదు, వాంతి, మత్తు, తలనొప్పి పెరగడం, ఒక కంటిపాప పెద్దదవ్వడం ఉంటే వెంటనే ఆసుపత్రి, ఒకటి రెండు రోజులు ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా లోపల థర్మకోల్ లాంటి ఫోమ్ నలిగిపోయి ఉంటుంది, అది రెండోసారి కాపాడదు, మార్చాల్సిందే. మెడ నొప్పి అంటే మాత్రం లేపి కూర్చోబెట్టొద్దు, ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ కూడా పీకొద్దు.

పాములు ఈ ఏడాది కనపడ్డాయి గానీ ఎవర్నీ కరవలేదు. రక్తపింజర గట్ల మీద గడ్డిలోనే ఉంటుంది కాబట్టి పంక్చర్ వేసుకోడానికి గడ్డిలో కూర్చోవద్దు. కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు, కాలు కదలకుండా కట్టి మోసుకుపోవడమే. ఎండల్లో, అంటే మార్చి చివర్నుంచి, ఎనిమిదింటికల్లా రైడ్ ముగించాలనే రూల్ అట్లే ఉంటుంది, మే నెలలో మనకి 40 డిగ్రీలు మామూలే, మాట తడబడి చెమట ఆగిపోయిన మనిషిని ముందు నీడలో పడుకోబెట్టి ఒళ్ళంతా నీళ్ళు పోయండి, ఫోన్ పక్కనోళ్ళు చేస్తారు.

అడవి గురించి ఒక్క మాట, గట్టిగానే. శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ 1989 నుంచీ ఉంది, శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయింది, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా పార్కులోకి పోకూడదు. తెల్లారుజామున బ్యాగులేసుకుని ఎర్రచందనం చెట్ల మధ్య కనపడితే అటవీ సిబ్బంది మిమ్మల్ని దుంగల దొంగలనుకుంటారు గానీ మీ సైకిల్ ఎంత బరువో అడగరు. అక్కడ పడితే ఎక్కడున్నామో చెప్పడానికే జంకుతారు, దాంతో సాయం ఇంకా లేటవుతుంది. రీల్స్ కోసం లోపలికి పోయే వాళ్ళ మెంబర్‌షిప్ ఆపేయాలని కమిటీ తీర్మానించింది, నా ఓటు కూడా దానికే.

ఇన్సూరెన్స్ మీద చాలామంది అడిగారు. హెల్త్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు ఉంటుంది, దాని స్టాండర్డ్ మాటల ప్రకారం అది ప్రొఫెషనల్‌గా పాల్గొనే వాళ్ళకి. ఆదివారం పూట తిరిగే మనకి అది అడ్డం రాకూడదు, అయినా మీ పాలసీలో ఏం రాసుందో ఒకసారి చదువుకోండి. ఒక ఆసుపత్రిలో మన సభ్యుడి కాగితాల్లో రోడ్డు ప్రమాదం అని రాసేశారు, క్లెయిమ్‌కి డ్రైవింగ్ లైసెన్స్ తెమ్మన్నారు, సరిచేయించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అడ్మిట్ చేసేటప్పుడే సైకిల్ అని, ఎక్కడ పడ్డాడో సరిగ్గా చెప్పి రాయించండి.

మిగతావి: తలకోన ట్రిప్ రోడ్డు మీద బాగా జరిగింది, చిత్తూరు వాళ్ళతో కలిపి చేద్దామనుకున్నది వానకి ఆగిపోయింది. టీషర్టుల సైజులు మళ్ళీ తప్పొచ్చాయి. లెక్కల కాగితం విడిగా పంపుతున్నాం.

బ్లడ్ గ్రూపు, అలర్జీలు, ఇంట్లో వాళ్ళ నంబరు ఉండే ఫారం సగం మంది ఇంకా ఇవ్వలేదు. ఇచ్చేదాకా ట్రయిల్ రైడ్‌కి పేరు రాయం, సీనియర్లకి కూడా.

ఇట్లు,
కార్యదర్శి