బస్సులో గంట దూరంలో మనవరాలు

ఎడిటర్ గారికి,

న్యూజెర్సీలో పుట్టిన మా మనవరాలు ఇప్పుడు ఇదే హైదరాబాద్‌లో, మా ఇంటి నుంచి బస్సెక్కితే గంట దూరంలో ఉంది. రెండేళ్ల కిందట మూడు వారాలకని చెప్పి కోడలు పిల్లను తీసుకొచ్చింది, రిటర్న్ టికెట్ కూడా ఉంది, ఆ తేదీ దాటిపోయింది, అంతే. మావాడు రోజూ న్యూజెర్సీలో పడుకోబోయే ముందు వాట్సాప్‌లో "గుడ్ మార్నింగ్ బంగారం" అని పెడతాడు. ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతుంది. పుట్టినరోజుకి పట్టు పరికిణీ కుట్టించి తీసుకెళ్తే వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో మాట్లాడి, "మేడమ్ వద్దన్నారు సార్" అని కవరు నా చేతికే ఇచ్చేశాడు, పాపం తల కూడా ఎత్తలేదు.

అమెరికాలో కోర్టు పిల్లను వెనక్కి పంపమంది. ఆ ఆర్డరుకి ఇక్కడి కోర్టు కట్టుబడి ఉండక్కర్లేదట, పిల్లల మేలే ముఖ్యమని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్ల మేలు వద్దని ఎవరంటారండీ? కానీ అది తేలేలోపు పిల్ల ఇక్కడి బడికి, ఇక్కడి మనుషులకి అలవాటు పడిపోతుంది, చివరికి ఆ అలవాటే వాళ్లకి వాదన అవుతుంది.

దేశాల మధ్య కుదిరిన 1980 నాటి హేగ్ ఒప్పందం ఉన్నది దీనికే. ఏడాదిలోపు అడిగితే పిల్లను పెరిగిన దేశానికి పంపాలి, ఆరు వారాల్లో తేల్చడానికి చూడాలి, కస్టడీ సంగతి అక్కడి కోర్టు చూసుకుంటుంది. శ్రీలంక చేరింది, పాకిస్తాన్ చేరింది, మనం చేరలేదు. చేరమని లా కమిషన్ 2009లోనే చెప్పింది, 2016లో బిల్లు ముసాయిదా కూడా తయారైంది, చట్టం మాత్రం రాలేదు.

కొట్టే మొగుడి నుంచి పారిపోయి వచ్చే ఆడపిల్లల గతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా చెల్లెలి కూతురు అలా వచ్చినదే, వీసా కూడా అతని మీదే ఉండేది, ఎయిర్‌పోర్టుకెళ్లి తెచ్చుకున్నది నేనే. పిల్లకు తీవ్రమైన హాని ఉంటే పంపక్కర్లేదని ఆ ఒప్పందంలోనే ఉంది, అది చాలదంటే మన చట్టంలో ఇంకా గట్టిగా రాసుకుందాం. మా కోడలికీ ఆమె కష్టాలుంటాయి, చెప్పుకోనివ్వండి, విచారించనివ్వండి.

ఒప్పందం సంగతి ఇప్పట్లో తేలకపోతే, కనీసం మొదటి వాయిదాలోనే వీడియో కాల్‌కి ఆర్డరివ్వాలని రూలు పెట్టమనండి. మేము అది అడిగిన పిటిషన్ మీద ఇప్పటికి తొమ్మిది వాయిదాలు పడ్డాయి.

– ఒక తాత, హైదరాబాద్